మెరుపు కోత: ఇత్తడి మీద ఆకులు చెక్కిన ఇరవై ఎనిమిదేళ్లు

అరకులో మా పాత్రల కొట్టు వెనకగదిలో ఇరవై ఎనిమిదేళ్లు కూర్చుని లోహం మీద తీగలూ ఆకులూ చెక్కాను. పోయిన వేసవిలో కుడి బొటనవేలి కీలు పట్టేసి, ఉలి నెట్టడం ఇక నావల్ల కాదని తేలిపోయింది. ఉలులన్నీ తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టేశాను. నా దగ్గర నేర్చుకున్న ముగ్గురు ఆడవాళ్లు ఇప్పుడు ఆ గదిలో పని చేస్తున్నారు. కొత్తగా నేర్చుకుంటామని వచ్చేవాళ్లు ఫోనులో వీడియోలు చూసి వస్తున్నారు. మంచిదే. వీడియోలో చెయ్యి ఎలా కదిలిందో కనిపిస్తుంది. ఆ చెయ్యి అంతకుముందు ఎన్ని పలకలు పాడు చేసిందో కనిపించదు. ఆ సంగతి నేను చెబుతాను.

ముందు పనేమిటో చెప్పాలి. దీన్ని బ్రైట్ కట్ అంటారు, మేం మెరుపు కోత అంటాం. పడమటి దేశాల పాత తుపాకుల మీదా, బ్యాండు బాకాల మీదా, జేబు గడియారాల మూతల మీదా చుట్టలు తిరిగిన తీగలు చూసే ఉంటారు. ఆ పని ఇది. అద్దంలా సానపట్టిన ఉలితో లోహాన్ని కోస్తే, కోసిన చోటు కూడా అద్దంలా వస్తుంది. వస్తువును తిప్పుతుంటే ఆకు ఒక పక్క వెలుగుతుంది, ఇంకో పక్క ఆరుతుంది. రంగు వేయం, రాయి పొదగం. ఉన్న లోహంలోంచి కాస్త తీసేస్తాం, అంతే.

టిఫిను క్యారేజీ మీద పేరు

మాది పార్వతీపురం వైపు. పెళ్లయ్యాక మా ఆయన అరకులో స్టీలు, ఇత్తడి పాత్రల కొట్టు పెట్టారు. కొన్న పాత్రల మీద పేర్లు రాసేది నేను. కరెంటు పెన్ను పట్టుకుని, పెళ్లి కానుకలనీ జ్ఞాపకార్థమనీ గర్రుమనిపిస్తూ పొద్దంతా రాసేదాన్ని. నా అక్షరం గుండ్రంగా ఉంటుందని సంతరోజున కొండ దిగి వచ్చినవాళ్లు కూడా నా కోసం ఆగేవారు. ఆమాత్రం దానికే నాకు బోలెడు గర్వం.

నాకు ముప్ఫై నాలుగేళ్లప్పుడు ఒక పెద్దాయన టిఫిను క్యారేజీ కొని, యేసుపాదం అని పేరు రాయమన్నారు. రాసి ఇచ్చాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, క్యారేజీని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. అక్షరాలు బాగున్నాయిగానీ ఇందులో ఒక్క కోత కూడా లేదు, అంతా పొడిచిందే అన్నారు. నాకు ఒళ్లు మండింది. డబ్బా మూత వేసి ఇచ్చాను.

ఆయన పోలేదు. జేబులోంచి రూపాయి బిళ్లంత ఇత్తడి బిళ్ల తీసి నా అరచేతిలో పెట్టారు. దాని మీద ఒకే ఒక్క ఆకు. గుమ్మం వైపు తిప్పాను, సగం ఆకు భగ్గుమంది. ఇటు తిప్పాను, అది ఆరిపోయి రెండో సగం లేచింది. అలా ఎంతసేపు తిప్పానో నాకు తెలీదు. బేరానికి వచ్చిన ఆవిడ రెండుసార్లు పిలిచిందని తర్వాత మా ఆయన చెప్పారు.

యేసుపాదం మాస్టారు విజయనగరం వైపు మనిషి. కలకత్తాలో ఒక తుపాకుల కొట్టులో నలభై ఏళ్లు చెక్కడం పని చేశారు. ఆయన భార్య రూతమ్మ గారిది డుంబ్రిగుడ దగ్గర పల్లె, నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ ఊరికి దగ్గరగా ఉండాలని ఇద్దరూ అరకు వచ్చి ఇల్లు తీసుకున్నారు. ఆ బిళ్ల తిరిగి ఇచ్చేస్తూ, నాకు నేర్పుతారా అని అడిగాను.

"నేర్పుతానుగానీ రత్నం, ఆర్నెల్లు నీ సేత ఏటీ సెక్కించను. ఒప్పుకుంటావా?" అన్నారు.

నా పూర్తి పేరు నూకరత్నం. అది గోడ మీద, నా పేరున ఉన్న కొట్టు లైసెన్సులో చదివి, మొదటి రోజే సగం చేసి పిలిచారు. ఒప్పుకున్నాను. మా ఆయన గంగాళాల దొంతరలు జరిపించి, వెనకగదిలో ఉత్తరం కిటికీ కింద బల్ల వేయించారు. మరి కొట్లో పేర్లు ఎవరు రాస్తారని ఒక్క మాటే అడిగారు. పొద్దున నేనే రాస్తానన్నాను. అలాగే చాలా ఏళ్లు రాశాను కూడా.

సానరాయి, ఘాట్ రోడ్డు

ఆర్నెల్లు అన్నారు, ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ చేసిన పని రెండే: ఉలికి సాన పట్టడం, కాగితం మీద చుట్టలు గీయడం.

ఉలి ముఖం ఒక వాలు. కింద మడమ దగ్గర, అంటే కోసే మొనకు అడుగు పక్క, ఇంకో రెండు సన్నటి వాలులు ఉంటాయి. ఆ మడమ మీద వెంట్రుకంత గీత మిగిలినా అది ప్రతి కోతలోనూ దిగుతుంది, మెరవాల్సినచోట బూడిదరంగు తేలుతుంది. మాస్టారు నా ఉలిని తన బొటనవేలి గోరు మీద ఆనించేవారు. దాని బరువుకే అది గోరు మీద నిలబడాలి. జారితే తిరిగి నా చేతిలో పెట్టేవారు. మొదటి రెండు నెలలూ జారుతూనే ఉంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఎక్కువమంది ఇక్కడే మానేస్తారు. వాళ్లను నేనెప్పుడూ తప్పు పట్టలేదు. సానరాయి దగ్గర కూర్చుంటే ఇంట్లోవాళ్లకు చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

చుట్టలు ఇంకా కష్టం. తీగ బయటినుంచి లోపలికి చుట్టుకుంటూ పోవాలి, వంపు క్రమంగా బిగియాలి. నేను గీస్తే ఎక్కడో ఒకచోట మూల తేలేది. ఎక్కడుందో నాకు కనిపించేది కాదు, ఆయనకు మాత్రం గుమ్మంలోంచే కనిపించేది. విసుగెత్తి ఒకరోజు నన్ను బస్సెక్కి శృంగవరపుకోట దాకా దిగి, మళ్లీ ఎక్కి రమ్మన్నారు. ముందు సీట్లో కూర్చోమన్నారు. "మలుపు మధ్యలో డ్రైవరు స్టీరింగు ఎక్కడ నిలిపేసేడో సూసి రా."

ఘాట్ దిగేసరికే కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. ఎక్కేటప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూశాను. మలుపు మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా డ్రైవరు చేతులు ఎక్కడా ఆగలేదు. ఆగితే బస్సు నేరుగా పోతుంది, నేరుగా పోతే లోయ ఉంది. నా పెన్సిలు మధ్యలో ఆగుతోందని ఆరోజు తెలిసింది. ఇంటికి రాగానే, మొహం కూడా కడుక్కోకుండా నోటుబుక్కు తీశాను. ఆ రోజు గీసిన చుట్ట మీద మాస్టారు వేలు పెట్టి తిప్పి, "పోనీ" అన్నారు. ఆయన నోటి నుంచి వచ్చే పెద్ద మెప్పు అదేనని నాకు అప్పటికి తెలియదు.

ఆకుల దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చేది. ఆయన నమూనా పుస్తకంలోని ఆకు ఏ దేశపుదో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. నలభై ఏళ్లు చెక్కిన ఆకును చెట్టుకి ఒక్కసారి కూడా చూడలేదని తనే నవ్వేవారు. మా చుట్టూ కాఫీ తోటల్లో సిల్వరు ఓకు చెట్లను పట్టుకుని మిరియాల తీగలు పాకుతుంటాయి. వానలు పడితే గట్ల మీద ఫెర్న్ మొక్కలు చుట్టచుట్టుకున్న మొలకలతో లేస్తాయి. అచ్చం పుస్తకంలో తీగలాగే ఉంటాయవి. నేను వాటిని చెక్కడం మొదలుపెట్టాను. ఆయన వద్దనలేదు. కాని ప్రతి ఆకు దగ్గరా ఒకటే అడిగేవారు, ఇది ఏ కాడనుంచి పుట్టిందో చూపించమని. చూపించలేకపోతే ఆ ఆకు గాలిలోంచి వచ్చి అతుక్కున్నట్టే. కొత్తవాళ్లు పువ్వుల మీద మనసు పెట్టి కాడను మరిచిపోతారు. నేనూ అంతే.

సోమన్న బాకా

నా పనిలో మొదటి పెద్ద తప్పు మూడో ఏట జరిగింది.

సోమన్న డుంబ్రిగుడ అవతల ఒక కొండ ఊరివాడు. కాఫీ, రాగులు పండించేవాడు. వాళ్ల ఊరి చర్చి బ్యాండులో బాకా ఊదేవాడు. ఆ ఇత్తడి బాకా వాళ్ల అయ్యది. తండ్రి పోయాక మొదటి క్రిస్మస్‌కి దాని నోటి చుట్టూ తీగ చెక్కించి ఊదాలని అతని కోరిక. మాస్టారు ఆ పని నాకు అప్పగించారు. బాకా నోరు పల్చటి రేకు. లోపల సరిపోయే చెక్క దిమ్మ పెట్టి, దాన్ని ఇసుక సంచి మీద ఆనించి, చెయ్యి కదలకుండా బాకానే ఉలి కిందికి తిప్పుకుంటూ కోయాలి.

తొమ్మిది రోజులు బాగా జరిగింది. పదోరోజు చివరి ఆకు మిగిలింది. ఉలి కాస్త బరువుగా నడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. లేచి సాన పట్టాలి. ఒక్క ఆకే కదా అనుకున్నాను. మొద్దుబారిన ఉలికి ఎక్కువ బలం కావాలి, ఎక్కువ బలం పెడితే అది జారుతుంది. జారింది. అప్పటిదాకా చెక్కిన తీగల మీదుగా రెండంగుళాల గీత, బాకా అంచు దాకా.

ఉలి బల్ల మీద పెట్టేశాను. తర్వాత నాకు వచ్చిన ఆలోచన రాస్తున్నాను, ఎందుకంటే మీకూ వస్తుంది. ఆ గీతనే కాడగా మార్చి, దానికి నాలుగు ఆకులు పుట్టిస్తే ఎవరికీ తెలియదు. పెన్సిలు తీసి గీశాను కూడా. సరిగ్గా అప్పుడే మాస్టారు లోపలికి వచ్చారు. గీత చూశారు, నా పెన్సిలు చూశారు.

"దిద్దడం తప్పు కాదు. కానీ ముందు ఆడికి సెప్పు. తర్వాత దిద్దు," అన్నారు.

సంతరోజు సోమన్న వచ్చాడు. బాకా బల్ల మీద పెట్టి, గీత వైపు తిప్పి, ఉలికి సాన పట్టకుండా బద్ధకించానని చెప్పాను. అతను బాకాను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. గది మధ్యలో నిలబడి ఒక పాట రెండు చరణాలు ఊదాడు. కొట్లో జనం తొంగి చూశారు. బాకా దించి, పెదాలు తుడుచుకుని, నా వైపు చూశాడు.

"మా అయ్య దీన్ని రెండుపాలీలు కొండ మీంచి జార్చీసినాడమ్మా. నువ్వు ఒక గీత గీసినావు, అంతే కదా. పలుకుతోంది," అన్నాడు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ తప్పును వెంటనే దిద్దనివ్వమని అడిగాను. మాస్టారు ఒప్పుకోలేదు. తడి కళ్లతో ఉలి పట్టొద్దు, జనవరిలో చూద్దామన్నారు. క్రిస్మస్ రోజు రూతమ్మ గారితో కలిసి మా ఆయనా నేనూ సోమన్న ఊరు వెళ్లాం. చర్చి కిటికీలోంచి ఎండ పడి బాకా మీది తీగలన్నీ వెలుగుతున్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా ఆ గీతే మెరుస్తోంది. ప్రార్థన జరిగినంతసేపూ నా కళ్లు దాన్ని వదల్లేదు. పక్కన కూర్చున్న రూతమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, ఎవరూ నీలా చూడటం లేదని చెవిలో చెప్పారు.

జనవరిలో గీతలో లోతు లేని భాగాన్ని నున్నటి ఉక్కు కడ్డీతో రుద్ది అణిచాం. మిగిలినదాన్ని కాడగా చేసి మిరియాల ఆకులు పుట్టించాను. సోమన్న ఇప్పటికీ బాకా ఊదుతాడు. కొత్తవాళ్లెవరైనా చూస్తే ముందుగా ఆ ఆకులే చూపించి, కథంతా చెబుతాడట.

అడగని ఆకులు

ఇంకో తప్పుకి దిద్దుబాటు లేకపోయింది.

సుక్రమ్మ అనే పెద్దావిడ వెండి గాజు తెచ్చి, తన తర్వాత మనవరాలికి దక్కాలని, లోపలివైపు ఆ పిల్ల పేరు చెక్కమంది. అది సుక్రమ్మ వాళ్లమ్మ వేసుకున్న గాజు. అరిగి, నునుపెక్కి, వెన్నముద్దలా ఉంది. పేరు చెక్కాను. నాకు అప్పటికి చెయ్యి బాగా కుదిరింది, పొగరు కూడా వచ్చింది. అంత మంచి వెండి దొరికిందన్న సంబరంలో పైవైపు చుట్టూ ఫెర్న్ తీగ కూడా చెక్కాను. ఆవిడ అడగలేదు. ఇష్టంతో చేసిందే కదా అనుకున్నాను. మాస్టారు అది చూసి, రెండుసార్లు 'పోనీ' అన్నారు.

సుక్రమ్మ గాజు అందుకుని బొటనవేలితో చుట్టూ తడిమింది. బాగుందంది. కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. నెల తర్వాత సంతలో కనిపిస్తే చెయ్యి బోసిగా ఉంది. గాజు ఏదని అడిగాను. ఆవిడకు నా మీద కోపమేమీ లేదు, జాలిగానే చెప్పింది.

"అది ఇప్పుడు నీ గాజు అయిపోనాది కదమ్మా."

వాళ్లమ్మ చెయ్యి అరగదీసిన నునుపును నేను కోసేశాను. తీసేసిన లోహాన్ని తిరిగి పెట్టలేం. ఈ సంగతి మాస్టారికి చెబితే, అంత కష్టపడి చేసిన పని వద్దనుకోవడం ఆవిడ పొరపాటని అన్నారు. ఆ విషయంలో మాస్టారిదే తప్పని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. తుపాకుల కొట్టులో వస్తువులన్నీ కొత్తవి. మా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటి మీద అప్పటికే ఎవరిదో చెయ్యి పడి ఉంటుంది. అది చూడటం ఆయనకు అలవాటు లేదు, నాకు సుక్రమ్మ వల్ల అలవాటైంది. ఆ తర్వాత పాత వస్తువు ఏది వచ్చినా, ఎక్కడ చెక్కకూడదో చూపించమని ముందు వాళ్లనే అడిగేదాన్ని. సుక్రమ్మ గాజు మనవరాలికి ఇచ్చిందని విన్నాను. ఆ పిల్ల వేసుకుంటోందో లేదో అడిగే ధైర్యం చేయలేకపోయాను.

మాస్టారు, పెట్టె

యేసుపాదం మాస్టారు పోయి మూడేళ్లయింది. ఆయన గురించి పొగడ్తలు రాస్తే ఆయనకే నచ్చదు. ముక్కోపి. పక్కవాళ్ల పనిని వాళ్ల ముందే తీసిపారేసేవారు. ఒకాయన ఇచ్చిన షీల్డు మీద అక్షరాలు అసహ్యంగా ఉన్నాయని చెప్పి పెద్ద బేరం పోగొట్టారు. కాని తనకు తెలిసినదాన్ని నా దగ్గర ఒక్క రవ్వ కూడా దాచలేదు. ఆయన నేర్చుకున్న కొట్టులో పెద్ద పనివాళ్లు సాన పట్టేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకునేవారట. తను మాత్రం నా పక్కనే కూర్చుని, నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి పట్టించారు.

డెబ్భై తొమ్మిదో ఏట ఆయనకు రెండు కళ్లకూ శుక్లాలు తీశారు. అంతకుముందు రెండేళ్లు నా పనిని గోరుతో తడిమి తప్పులు చెప్పేవారు. ఆపరేషనయ్యాక చూపు మళ్లీ వచ్చింది. చిన్నపిల్లాడిలా కనిపించిందల్లా తీసుకుని ఎండలో తిప్పి చూసేవారు.

ఆ రోజుల్లోనే ఒకావిడ ఇత్తడి నగల పెట్టె పంపించి, మూత బందు ఊడిందని, బాగుచేయమని అడిగారు. అది పదేళ్ల కిందట, మాస్టారి నమూనా పుస్తకంలోని ఆకులతో నేను చెక్కిన పెట్టే. ఆ ఏడు మాస్టారు వాళ్లు కూతురి ప్రసవానికని కలకత్తాలో ఉండటంతో ఆయన దాన్ని చూడలేదు. బందు పనికి కావలసిన సన్న రంపం ఆయన దగ్గరే ఉంది. పెట్టె తీసుకెళ్లేసరికి ఆయన పడుకుని ఉన్నారు. బందు ఊడిందని మాత్రం చెప్పి రూతమ్మ గారి చేతికిచ్చి వచ్చేశాను.

రెండు రోజులాగి వెళ్తే మాస్టారు వసారాలో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే కుర్చీ దగ్గరికి లాక్కోమన్నారు.

"ఇది కలకత్తాలో సేసిందే రత్నం. ఏ ఏడో గురుతు రావట్లేదు. సెయ్యి మాత్రం నాదే," అన్నారు.

నేను నోరు తెరిచేలోపే ఒక్కో ఆకూ చూపించడం మొదలుపెట్టారు. ఈ మలుపు ఎంత నిదానంగా తిరిగిందో చూడమన్నారు. కోత సన్నంగా మొదలై, వెడల్పై, మళ్లీ సన్నమై ఎలా మాయమైందో చూడమన్నారు. ఆ వయసులో తన చెయ్యి ఎంత బాగుండేదో, ఆ సంగతి అప్పుడు తనకే తెలియలేదన్నారు. పంతొమ్మిదేళ్లలో 'పోనీ' తప్ప వినని నేను ఆ మాటలన్నీ తల వంచుకుని విన్నాను. చెప్పెయ్యాలని ఉంది. ఇంకాసేపు వినాలనీ ఉంది. దేవుడి మీద ఒట్టు, ఇంకాసేపు విన్నాను.

మూత మూలకు వచ్చి ఆయన వేలు ఆగింది. మొహం మారింది.

"ఇక్కడ సూడు. ఈ తీగ తోకకి సోటు సాల్లేదు. బేగి ముగించీసేను. ఏటో, రెండ్రోజుల్నించి ఇదే సూత్తన్నాను. అన్నం సయించట్లేదు."

నిజమే. మూలలో ఎంత జాగా మిగులుతుందో ముందే లెక్క చూసుకోకపోవడం వల్ల అలా అయింది. పదేళ్లలో ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. ఇక ఆగలేకపోయాను. మూత తెరిచి, లోపలి మఖమలు గుడ్డ అంచు ఎత్తి, దాని కింద నేను చెక్కుకున్న 'ర' అక్షరం చూపించాను.

"మాస్టారూ, ఈ పెట్టె నేను చెక్కింది," అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి, పంచెతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఆ అక్షరాన్ని చూశారు. మూత వేసి ఆ మూలను చూశారు. లోపలినుంచి రూతమ్మ గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన నొచ్చుకున్నారేమో అనుకున్నాను.

"అయితే ఈ తోక తప్పు నీదన్నమాట," అన్నారు.

"నాదేనండి."

"బతికించేవు తల్లీ. నాదనుకుని బెంగెట్టేసుకున్నాను."

రూతమ్మ గారు పకపకా నవ్వి టీ పెట్టడానికి లోపలికి వెళ్లారు. మాస్టారు పెట్టెను మళ్లీ ఒళ్లోకి జరుపుకుని, మొదటి ఆకు దగ్గర్నుంచి తిరిగి చూడటం మొదలుపెట్టారు. వసారాలోంచి ఎండ పూర్తిగా పోయేదాకా దాన్ని నాకు తిరిగి ఇవ్వలేదు.